మూడు తేలాయి, ఒకటి మునిగింది

"ఈ కుట్టు నీదేనా?"

మోహనకృష్ణ పెన్ను మొనతో జాకెట్టుని పొడిచి మరీ అడిగాడు. తవిటమ్మ అటు చూడకుండానే తల ఊపింది.

"మీదేనా అని అడగండి. మీ అమ్మంత ఉంటుందావిడ," అన్నాను.

"కమిషన్‌లో మర్యాదకి మార్కులుండవు ప్రిస్కిల్లా గారూ," అని నవ్వాడు. "అవునంది. కెమెరాలో పడింది. నాకంతే కావాలి."

కళింగపట్నంలో గంగులు వలలు దాచుకునే పాకలో ఉన్నాం. మూడు కాళ్ళ స్టాండు మీద మోహనకృష్ణ కెమెరా ఎర్ర దీపం వేసుకుని మమ్మల్ని చూస్తోంది. బల్ల మీద నారింజరంగు లైఫ్ జాకెట్టు ఉంది. తవిటమ్మ కొడుకు త్రినాథ్ అది తొడుక్కునే, వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర మునిగిపోయాడు. వేట నుంచి తిరిగొస్తూంటే కెరటం కొట్టి పడవ తిరగబడింది. పడవలో నలుగురున్నారు. నలుగురూ ఒకే కంపెనీ జాకెట్లు వేసుకున్నారు. పడవ యజమాని గంగులు, పడవలో పనిచేసే ఇద్దరు కలాసీలు తేలుతూ ఒడ్డుకి కొట్టుకొచ్చారు. త్రినాథ్ మర్నాడొచ్చాడు, జాకెట్టుతో సహా.

గంగులు త్రినాథ్‌కి బావ. అంటే తవిటమ్మకి అల్లుడు. అతను పాక గుంజకి ఆనుకుని నిలబడి, మేం వచ్చినప్పటి నుంచీ ఒక్క ముక్క మాట్లాడలేదు.

నేను శ్రీకాకుళంలో ప్రైవేటు డిటెక్టివ్‌ని. ఈ మాట వింటే మా చర్చిలో ఆడవాళ్ళు ఇప్పటికీ బుగ్గలు నొక్కుకుంటారు. ఇన్నాళ్ళూ పెళ్ళి సంబంధాల వెనకాలా, తప్పిపోయిన మొగుళ్ళ వెనకాలా తిరిగి తిరిగి చెప్పులరగదీసుకున్నాను. తవిటమ్మ తరఫు వకీలు పార్వతి గారు పిలిచి ఈ కేసు చేతిలో పెట్టినప్పుడు, హమ్మయ్య, ఒక మంచి కేసు వచ్చిందనుకున్నాను. మంచి కేసట! ఆవిడ మొహం చూశాక నా లెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

పార్వతి గారు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో జాకెట్ల కంపెనీ మీద కేసు వేశారు. కంపెనీ రాజాంలో ఉంది, యజమాని ధనరాజ్. చట్టం సంగతి చాలా తేలిక. వస్తువులో పుట్టుకతోనే లోపం ఉండి మనిషికి హాని జరిగితే, ఆ పాపం తయారుచేసినవాడిది. కొన్నవాళ్ళు దాన్ని విప్పి మార్చేస్తే మాత్రం తయారుచేసినవాడు చేతులు దులుపుకుని పోవచ్చు. ఎవరైనా కావాలనే హాని చేసి ఉంటే అది ఇంకో దారి. దానికి పోలీసులున్నారు. కంపెనీవాళ్ళు మోహనకృష్ణని విశాఖపట్నం నుంచి పిలిపించింది ఆ చివరి రెండు దారులూ తవ్వడానికే. అతనూ నాలాగే డిటెక్టివ్. ఇంతకుముందు ఒక గోడౌన్ కేసులో నన్ను ఓడించాడు. ఓడించాక కాఫీ ఇప్పించాడు కూడా. ఆ కాఫీ నాకింకా అరగలేదు.

రెండు వైపులవాళ్ళూ కలిసి సామాను పరీక్ష చెయ్యమని కమిషన్ చెప్పింది. అందుకే ఇవాళ ఇక్కడున్నాం.

"లోపలి సరుకు తీసి కుట్టేశారు. చేపలు పట్టేవాళ్ళకి ఏ ముక్క దొరికినా ఏదో పనికొస్తుంది కదా," అన్నాడు మోహనకృష్ణ. "ఒకవేళ కుట్టు కాదనుకుందాం. అప్పుడు బావగారున్నారు. ఆ రోజు ఉదయం పడవ తోసేముందు గంగులు త్రినాథ్‌ని చెంప మీద కొట్టాడు. ఒడ్డున చూసినవాళ్ళున్నారు, నాకు చెప్పారు. పొద్దున్న కొట్టినవాడు మొగ దగ్గర ఏం చేశాడో మనకేం తెలుసు? మార్చింది అత్తయినా, చంపింది అల్లుడైనా, ధనరాజ్ గారికి సంబంధం లేదు. మీ ఇంట్లోనే ఇద్దరున్నారు. నాకు ఏ ఒక్కరైనా చాలు."

గంగులు తల వంచుకున్నాడు. కోపం రావలసిన మనిషికి కోపం రాలేదు. అది నా బుర్రలో ఒక మూల ఉండిపోయింది.

నేను తవిటమ్మ పక్కన నేల మీద కూర్చున్నాను.

"జాకెట్టు ఎందుకు విప్పారమ్మా?"

"ముడుపెట్టడానికి తల్లీ. పసుపు గుడ్డలో గంగమ్మ కాడి కుంకం, సిటికెడు బియ్యం మూటకట్టి ఓ మూల దూర్సి కుట్టీసేను. మా ఇంట సముద్రం మీదికెల్లే దేనికైనా ముడుపు కడతాం. వలకైనా అంతే, సొక్కాకైనా అంతే."

"లోపల ఉన్నదేమైనా బయటికి తీశారా?"

"నేదమ్మా. ఏలెట్టి సందు సేసేను, అంతే."

"ఎప్పుడు?"

"ముందురోజు రేత్రి."

"మిగతా ముగ్గురి జాకెట్లకీ కట్టారా?"

"నేదు. నా గుంటడిదొక్కటే." ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. "అమ్మా, నీకు దండమెడతాను, నిజం సెప్పు. నా కుట్టులోంచి నీల్లు దూరీసి నా గుంటడు పోనాడా? కేసేటయిపోయినా నాకక్కర్నేదు. డబ్బూ వొద్దు, ఏటీ వొద్దు. నానే సంపుకున్నానా, నేదా? అదొక్కటి సెప్పు."

కేసులో నన్ను నిజంగా పనిలో పెట్టుకున్నది ఆ ప్రశ్నే. పార్వతి గారికి తీర్పు కావాలి, నాకు మోహనకృష్ణ మీద గెలుపు కావాలి. ఈవిడకి మాత్రం రాత్రి నిద్ర పట్టాలి.

"ఇవాళే చెప్తానమ్మా," అన్నాను. అలా మాటివ్వకూడదని ఈ వృత్తిలో ఎవరైనా చెప్తారు. ఇచ్చేశాను.

గంగులు చేపలు కడిగే పెద్ద తొట్టెని పాక ముందుకి లాగి నీళ్ళు నింపాడు. మోహనకృష్ణ కెమెరా అటు తిప్పి, త్రినాథ్ జాకెట్టుని నీళ్ళలో వేశాడు. కాసేపు తేలింది. తర్వాత అంచులు నల్లబడ్డాయి, మెల్లగా ఒక భుజం వంగింది, రెండో భుజం వంగింది, అడుక్కి దిగిపోయింది. తవిటమ్మ మొహం తిప్పుకుని గోడవైపు కూర్చుంది.

తర్వాత మిగతా మూడింటినీ వేశాడు. మూడూ తేలాయి. మీద ఒక్కొక్క రాయి పెట్టి కాసేపు ఉంచినా తేలుతూనే ఉన్నాయి.

"చూశారుగా," అని చేతులు తుడుచుకున్నాడు. "ఒకే కంపెనీ, ఒకే సరుకు. మూడు తేలాయి, ఒకటి మునిగింది. మునిగినదాని మీదే ఇంటి కుట్టుంది. ఇంతకంటే తేలిక కేసు నేను చూడలేదు. కాఫీ ఈసారి కూడా నేనే ఇప్పిస్తాను."

తొట్టెలోకే చూస్తున్నాను. మూడూ తేలుతున్నాయి నిజమే, కానీ ఒక్కొక్కటీ ఒక్కొక్క తీరుగా తేలుతోంది. ఒకటి ఎడం పక్కకి ఒరిగింది. ఒకటి వీపు పైకెత్తి ముందువైపు ముంచుకుంది. మూడోది అటూ ఇటూ కాకుండా వంకరగా తిరుగుతోంది. ఒకే అచ్చులో, ఒకే మిషను మీద తయారైన వస్తువులు ఒకేలా తేలాలి. ఒకే రేవులో పుట్టిన ముగ్గురు మనుషుల్లా ఎవడి పోకడ వాడిది కాకూడదు.

ఒకదాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుని పిసికాను. మెత్తగా ఉండవలసిన చోట గట్టి గట్టి ముక్కలు తగిలాయి. మెడ చుట్టూ ఉన్న మడతని పైకెత్తి చూస్తే, దాని కిందుగా సన్నటి కుట్టుంది. దారం మాత్రం బట్టలు కుట్టే దారం కాదు, వల అల్లే నైలాను దారం. ఎంత శ్రద్ధగా కుట్టారంటే, మడత ఎత్తకపోతే దేవుడికి కూడా కనిపించదు.

"బ్లేడివ్వండి," అన్నాను.

"దేనికి?"

"కాఫీలో పంచదార కలుపుకోడానికి. ఇవ్వండి."

కెమెరా ముందే కుట్టు కోసి, జాకెట్టు తిరగేసి దులిపాను. సన్నగా చెక్కిన తెల్లటి బెండు ముక్కలు బల్ల మీద పడ్డాయి. వలని నీళ్ళ మీద తేల్చడానికి అంచున కట్టే బెండ్లు అవి. వాటిని పొరలు పొరలుగా చీల్చి, జాకెట్టులో పట్టేలా సర్దారు. రెండో జాకెట్టులోనూ అవే, మూడోదాంట్లోనూ అవే.

గంగులు గుంజ వదిలేసి ముందుకొచ్చాడు. ఒక ముక్క తీసుకుని వేలితో తడిమాడు. మొదటిసారి నోరు విప్పాడు.

"ఇయి నా పాత వల బెండ్లు. ఆడు పోవడానికి నాల్రోజుల ముందు సూస్తే వల్లో ఒక్క బెండూ నేదు. త్రినాథే అమ్మీసుంటాడని ఆడ్ని నానా తిట్లూ తిట్టేను. ఆడు పల్లెత్తు మాటన్నేదు. నవ్వేడు."

త్రినాథ్ జాకెట్టుని తొట్టెలోంచి పైకి తీశాను. ఒక్కదాని బరువుకి నా రెండు చేతులూ లాగేశాయి. తవిటమ్మ కుట్టిన మూల విప్పితే పసుపు గుడ్డ మూట ఉంది. దాని చుట్టూ ఉన్న సరుకుని ఎవరూ కదపలేదు. ఇంకో పక్క, ఎవరి చెయ్యీ పడని చోట, కంపెనీ మిషను కుట్టునే కోశాను. లోపల పసుపుపచ్చటి స్పాంజి ఉంది. పరుపుల్లో, సోఫాల్లో వేస్తారే, అదే. పిండితే గిన్నెడు నీళ్ళు కారాయి.

"మోహనకృష్ణ గారూ, మీరు లెక్క తప్పు పెట్టారు," అన్నాను. "ఇంట్లో మార్చినవి ఒకటి కాదు, మూడు. ఆ మూడే తేలాయి. మీ కంపెనీ ఎలా పంపిందో అలాగే ఉన్నది ఒక్కటే ఒక్కటి. అదే మునిగింది."

అతను వంగి స్పాంజి చూశాడు. మళ్ళీ బెండ్లు చూశాడు. నవ్వు పోయింది.

నేను తవిటమ్మ వైపు తిరిగాను. "మీ కుట్టు కాదమ్మా. మీ కుట్టులోంచి ఏమీ దూరలేదు. ఇది ముందు నుంచే ముంచే సరుకు."

ఆవిడ ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ బల్ల మీది బెండ్లనే చూస్తూ, "మరి ఆడిదెందుకు మార్సుకోనేదు?" అంది.

గంగులే చెప్పాడు, ఆవిడ మొహం చూడకుండా.

"బెండ్లు సరిపోయుండవు, అత్తా. పాత వలొక్కటే గదా ఉన్నాది. కొత్త వలవి తీస్తే వేటాగిపోద్ది."

ముగ్గురికి సరిపోయాయి. నాలుగోవాడికి లేవు. నాలుగోవాడు తనే. ఆ కుర్రాడు ఎవరికీ చెప్పకుండా మడత కింద దాచి దాచి కుట్టిన ఆ కుట్టు నా వేళ్ళ కింద ఇంకా ఉంది. బతికున్నప్పుడు ఒక్కసారైనా అతన్ని చూసి ఉంటే బాగుండేదనిపించింది.

మోహనకృష్ణ తొందరగానే తేరుకున్నాడు. అతని గొప్పతనమంతా అదే.

"సరే. స్పాంజి ఒప్పుకుంటాను. కానీ మీరు చూపించింది నాకే లాభం. ఇవి మునుగుతాయని త్రినాథ్‌కి ముందే తెలుసు. తెలియకపోతే బెండ్లెందుకు పెడతాడు? తెలిసి కూడా ఆ జాకెట్టుని పారెయ్యలేదు. తిరిగి పట్టుకొచ్చుకుని, తనే వేసుకుని వేటకెళ్ళాడు. తెలిసి తెలిసి ప్రమాదాన్ని నెత్తిన వేసుకున్నవాడికి కంపెనీ ఎందుకు జవాబు చెప్పాలి?"

"ఎక్కణ్ణుంచి?"

"ఏమిటి?"

"తిరిగి పట్టుకొచ్చుకున్నాడన్నారు. ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చాడు?"

అతను పెదవి తడుపుకున్నాడు. "మాటవరసకన్నాను."

"మీరు మాటవరసకి ఒక్క మాట కూడా అనరు. నేను గోడౌన్ కేసులో చూశానుగా. ఈ జాకెట్టు ఇల్లు దాటి సముద్రానికి వెళ్ళింది, అక్కణ్ణుంచి ఆసుపత్రికి వెళ్ళింది. దీన్ని ఎక్కడికో పట్టుకెళ్ళి తిరిగి తెచ్చుకున్నాడని మాలో ఎవరికీ తెలియదు. తల్లికి తెలియదు. బావకి తెలియదు. మీకెలా తెలుసు?"

మోహనకృష్ణ చెయ్యి కెమెరా వైపు వెళ్ళింది. నేను అడ్డంగా నిలబడ్డాను.

"ఉండనివ్వండి. కమిషన్ చెప్పింది పరీక్ష మొత్తం రికార్డు చెయ్యమని. త్రినాథ్ రాజాం వెళ్ళాడు. అంతేనా?"

తల ఊపాడు. కొట్టినా ఇంకేం రాదనుకున్నాను గానీ, వచ్చింది. అతనికీ ఆ సంగతి గొంతులో అడ్డంపడి ఉన్నట్టుంది.

"నేనప్పుడు లేను. ఆఫీసువాళ్ళు చెప్పారు. బకెట్టు అడిగి తీసుకుని, ధనరాజ్ గారి ముందే జాకెట్టు ముంచి చూపించాడట. ఇంకెవరికీ అమ్మొద్దని బతిమాలాడట."

"ధనరాజ్ గారేమన్నారు?"

"చేపలు పట్టేవాళ్ళకి ఈత వచ్చుగా అన్నారట."

పాక బయట ఎవరిదో మోటారు సైకిలు ఆగి, మళ్ళీ వెళ్ళిపోయింది. తవిటమ్మ మెల్లగా అంది, "ఆ రోజు రాజాం ఎల్లేడా? సినిమాకి ఎల్తన్నానని సెప్పేడే. సంచిలో ఏటిరా అంటే సొక్కా అన్నాడు."

నాకు కోపం వచ్చింది. ఇందాకటి దాకా ఇది స్పాంజి వేసిన పిసినారితనం అనుకున్నాను. తెలియక చేసినది లోపం. తెలిశాక కూడా అమ్మడం లోపం కాదు, కావాలని చేసిన హాని. మోహనకృష్ణ వీళ్ళ ఇంట్లో వెతుకుతున్న దోషి రాజాంలో ఏసీ గదిలో కూర్చున్నాడు. ఆ మాటే పైకి అన్నాను, గట్టిగానే అన్నాను.

"ఒప్పుకుంటాను," అన్నాడతను, అలసిపోయినట్టు. "కానీ నా రెండో మాట అలాగే ఉంది. త్రినాథ్‌కి తెలుసు. తెలిసి వేసుకున్నాడు. కంపెనీ వకీలు ఆ ఒక్కటి పట్టుకుని కూర్చుంటే మీ పార్వతి గారు ఏం చెప్తారు?"

దానికి నా దగ్గర జవాబుంది. ఇందాకటి నుంచీ ఉంది. బయటికి తియ్యడానికి మనసొప్పలేదు. నేను తేల్చుకోకముందే నా చెయ్యి జాకెట్టుని బోర్లా తిప్పింది.

ఈ జాకెట్లకి ముందువైపు ప్లాస్టిక్ బకిల్స్ ఉంటాయి. ఉప్పునీళ్ళకి నెల తిరక్కుండా విరిగిపోతాయి. అందుకని ఇక్కడివాళ్ళు వలతాడు చుట్టి, వల ముడే వేస్తారు. తడిసేకొద్దీ బిగిసే ముడి అది. ఆసుపత్రిలో తాడు పక్కనుంచి కోసి తీశారు కాబట్టి ముడి ముడిలాగే మిగిలింది. అదీ ముందువైపు కాదు, వీపు మధ్య.

"గంగులూ," అన్నాను. "తన వీపు మీద ఈ ముడి ఎవడూ తనకి తాను వేసుకోలేడు. ఎవరు వేశారు?"

అతను తవిటమ్మని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. తర్వాత ఉన్నచోటే చతికిలబడిపోయాడు.

"నానే."

"ఎందుకు కొట్టావు?"

"పడవ తోసేటప్పుడు ఆ మాట అన్నాడమ్మా." "మా కాడ తెప్పైనా, పడవైనా, నీల్లలోకి తోసేటప్పుడు ములుగుతాదన్న మాట నోట రాకూడదు. మా తాతల కాడ్నించీ అంతే. ఆ మాటొస్తే ఆ రోజు వేటే మానీయాల. అందరం బుజాలెట్టీసినాం, కొబ్బరికాయ కొట్టీసినాం. ఈడు జాకెట్టు సేత్తో పట్టుకుని, 'బావా, ఇది నాను తొడుగుకోను, ములిగిపోతాది' అన్నాడు. సెంప మీద ఒక్కటి పీకేను."

"తర్వాత?"

"మళ్ళీ అనబోయేడు. నానూరుకోనేదు. 'మా మూడూ తేల్తన్నాయి గదరా, నిన్నే గదా ఏట్లో ఏసి సూసినాం, నీదొక్కటే ములుగుతాదేటి, ఒళ్ళు బరువెక్కి అబద్దాలాడతన్నావా' అన్నాను. బలవంతాన తొడిగీసి ఎనకనుంచి ముడేసేను, ఇప్పుకోకండా. అత్తకి మాటిచ్చినాను, ఆడ్ని జాకెట్టు నేకండా తీసుకెల్లనని. ఆడికి ఈతొచ్చు. నాకంటే బాగా ఒచ్చు. అది ఒంటి మీద నేకపోతే..."

ఆ మాట పూర్తి చెయ్యలేక మొహం మోకాళ్ళలో దాచుకున్నాడు. ఆ కుర్రాడు ముగ్గురినీ తేలేలా చేశాడు. ముగ్గురూ తేలారు కాబట్టే అతని మాట ఎవరూ నమ్మలేదు. ఇంత ఘోరమైన సంగతి నేను ఏ కేసులోనూ వినలేదు. వినకుండా ఉంటే బాగుండును.

"సముద్రంలో పడ్డాక?" అని అడిగాడు మోహనకృష్ణ. అడగకపోతే బాగుండేది.

"ముడి పీక్కుంటన్నాడు. సూసేను. నన్ను కెరటం అవతలికి ఇసిరీసింది."

కెమెరా ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. మోహనకృష్ణ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. పాక చిన్నది. ఎంత తగ్గించినా అందరికీ వినిపిస్తుంది.

"మీకు తెలుసు, నాకు తెలుసు. ఈ మాటతో నా వాదన పోయింది. అతను ఇష్టపడి వేసుకోలేదు, బలవంతాన కట్టారు. కంపెనీ ఓడిపోతుంది. కానీ ఒక మనిషి ఒంటి మీద ఇష్టం లేకుండా చెయ్యేసి, కొట్టి, విప్పుకోలేకుండా కట్టి నీళ్ళలోకి తీసుకెళితే దాన్ని చట్టం ఏమంటుందో కూడా మీకు తెలుసు. ప్రేమతో వేశావా, కోపంతో వేశావా అని అడగదు. ధనరాజ్ గారి వకీళ్ళు ముందు అతని మీదే పడతారు. ఈ టేపు వెళ్ళిన రోజే గంగులు స్టేషన్లో ఉంటాడు."

"అయితే?"

"ఈ చివరి ముక్క నేను చెరిపేస్తాను. మీరు కేసు వెనక్కి తీసుకోండి. కొడుకు ఎలాగూ రాడు. అల్లుడైనా మిగులుతాడు."

అతను చెడ్డగా అనలేదు. అదే నాకు కష్టమైంది. కాదంటే ఈవిడ కూతురి సంసారం కూలుతుంది. అవునంటే ధనరాజ్ రేపు ఇంకో రేవులో ఇవే జాకెట్లు అమ్ముతాడు. చిన్నప్పుడు సండే స్కూల్లో ఇలాంటి వాటికి వెంటనే జవాబులుండేవి.

తవిటమ్మ లేచింది. గోడ పట్టుకుని నడిచి వచ్చి గంగులు పక్కన నిలబడింది. కొడుతుందేమోనని నేను ఒక అడుగు ముందుకేశాను. అతనూ అదే అనుకున్నట్టున్నాడు, తల ఎత్తి మొహం అప్పగించాడు. ఆవిడ అతని తల మీద చెయ్యి పెట్టింది.

"లెగు బాబూ. నువ్వు లెగు."

"అత్తా, నానే..."

"లెగమన్నానా." తర్వాత మా వైపు తిరిగింది. "అది ఎలుగుతున్నాదా ఇంకా?"

"వెలుగుతోందమ్మా," అన్నాను. "ఆపమంటారా?"

"ఆపొద్దు. సెరపొద్దు. అంతా ఉండాల. నా గుంటడు సెప్పేడని ఉండాల. రాజాంలో సెప్పేడు, ఆ బాబు ఇన్నేదు. పడవ కాడ సెప్పేడు, ఈడు ఇన్నేదు." ఆవిడ కెమెరా ఎదురుగా వచ్చి నిలబడింది. ఎక్కడ చూడాలో తెలియక ఎర్ర దీపాన్నే చూస్తోంది. "పోలీసోలు ఈడొక్కడికోసరమే రాకూడదు. నన్నూ పట్టుకెల్లమని రాసుకోండి."

"అమ్మా, మీ కుట్టు కాదని చెప్పాను కదా."

"కుట్టు కాదు తల్లీ." ఆవిడ తన కుడి చేతిని ఎత్తి, అది వేరే ఎవరిదో అయినట్టు చూసుకుంది. "అందరికంటే ముందు నాకే సెప్పేడు. ముందురోజు రేత్రి, కూడు తింటా, 'అమ్మా, ఇది ములిగిపోతాదే' అన్నాడు. తెల్లారి సముద్రానికెల్లేవోడు ఆ మాట అనకూడదని ఆడి నోటికి ఈ సెయ్యి అడ్డెట్టీసినాను. ఇంకా ఏటో సెప్పబోనాడమ్మా. నాను సెయ్యి తియ్యనేదు."